తమ్ముడికి జీతం పడింది, అన్నకు పడలేదు

ప్రశ్న (2025 షట్‌డౌన్ నాటిది): మేము టెక్సాస్‌లో ఉంటాం. మా వారు ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ (సీబీపీ) ఆఫీసరు. విదేశాల నుంచి దిగినవాళ్ళ పాస్‌పోర్టులు చూసి లోపలికి పంపే డ్యూటీ. మా బావగారు అదే ఎయిర్‌పోర్టులో టీఎస్ఏ (విమానాశ్రయాల భద్రత చూసే సంస్థ) స్క్రీనింగ్ ఆఫీసరు, ప్రయాణికుల బ్యాగులు తనిఖీ చేస్తారు. బడ్జెట్ పాస్ కాక 2025 అక్టోబరు 1న ప్రభుత్వ షట్‌డౌన్ మొదలైనప్పటి నుంచి ఇద్దరూ రోజూ డ్యూటీకి వెళ్తూనే ఉన్నారు. మొదటి చెక్కులో ఇద్దరికీ కోత పడింది. ఆ తర్వాత మా వారికి సూపర్ చెక్ అని మొత్తం వచ్చేసింది. బావగారి పే స్టబ్‌లో (జీతం చీటీలో) మాత్రం సున్నా. అప్పటి నుంచి అక్క (మా తోటికోడలు) నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. విజయవాడ నుంచి అత్తయ్య ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో, "ఇద్దరిదీ ఒకటే గవర్నమెంటు కదా, చిన్నోడికి ఇచ్చి పెద్దోడికి ఎందుకివ్వలేదు? వాడు డ్యూటీ సరిగ్గా చేయట్లేదా?" అని అడిగేసరికి బావగారు గ్రూపులోంచే వెళ్ళిపోయారు. మా వారి పైచదువుకి ఫీజు కట్టింది బావగారే. ఇప్పుడు మేం డబ్బు ఇస్తామంటే ఆయన చిన్నబుచ్చుకుంటారేమో, ఇవ్వకపోతే మాకు మొహం చెల్లదు. అసలు ఆయన జీతం తర్వాతైనా వస్తుందా? ఉద్యోగం మానేస్తానంటున్నారు. ఏం చేయాలి?

— ఒక సోదరి, టెక్సాస్

సమాధానం:

ముందు మీ అత్తగారి ప్రశ్నకు జవాబు చెప్పాలమ్మా. మీ ఇంట్లో గాయం చేసింది డబ్బు కంటే ఆ ప్రశ్నే. మీ బావగారి పనితనానికీ పే స్టబ్‌లో పడ్డ సున్నాకీ ఏ సంబంధమూ లేదు. ఆయన బ్రహ్మాండంగా చేసినా సున్నాయే, రోజూ లేటుగా వెళ్ళినా సున్నాయే. మీ వారికి జీతం పడటంలో మీ వారి గొప్పా ఏమీ లేదు. ఎవరి జీతం ఏ పద్దులోంచి వస్తోందన్నదే ఇక్కడ లెక్క.

అమెరికా ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆ లోపు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఖర్చుల బిల్లు పాస్ చేయకపోతే శాఖల చేతికి పైసా రాదు, అదే షట్‌డౌన్. మంజూరు కాని డబ్బు ఖర్చు పెట్టకూడదనీ, ఊరికే చేస్తామని ఎవరైనా వచ్చినా వాళ్ళ చేత పని చేయించుకోకూడదనీ యాంటీ డెఫిషియెన్సీ యాక్ట్ అనే పాత చట్టం ఉంది. దాని మూలం 1884 నాటిది. అయితే ప్రాణాలకు, ఆస్తికి ముప్పు వచ్చే పనులకు అందులో మినహాయింపు ఉంది. 1980, 81ల్లో అప్పటి అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఈ చట్టాన్ని గట్టిగా చదివి అభిప్రాయం ఇచ్చిన దగ్గర నుంచే ఇప్పుడు మనం చూసే షట్‌డౌన్ పద్ధతి వచ్చింది. కాబట్టి ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూసేవాళ్ళు, సరిహద్దులో నిలబడేవాళ్ళు, విమానాలను నడిపించే కంట్రోలర్లు డ్యూటీకి రావాల్సిందే. వాళ్ళకు జీతం బాకీ పడుతుంది. ఆ బాకీ తీర్చడానికి కాంగ్రెస్ డబ్బు మంజూరు చేయాలి.

2018 డిసెంబరు 22 నుంచి 2019 జనవరి 25 దాకా సాగిన 35 రోజుల షట్‌డౌన్‌లో మీ వారి డిపార్ట్‌మెంటు వాళ్ళూ అచ్చం ఇలాగే జీతం లేకుండా పనిచేశారు. సీబీపీ, బోర్డర్ పెట్రోల్, టీఎస్ఏ, అందరిదీ ఒకటే గతి. ఆ గొడవంతా సరిహద్దు గోడకు డబ్బు గురించే, ఆ సరిహద్దును కాసేవాళ్ళకే జీతం లేదు. అప్పుడైతే మీ ఇంట్లో ఈ తేడా వచ్చేదే కాదు.

ఈసారి మారిందేమిటంటే, 2025 జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన పెద్ద బడ్జెట్ చట్టం. అందులో వలసల నియంత్రణకు, సరిహద్దు పనులకు కలిపి సుమారు 170 బిలియన్ డాలర్లు ముందే కేటాయించారు. ఏటా పాస్ కావాల్సిన ఖర్చుల బిల్లుతో దానికి సంబంధం లేదు, చాలా ఏళ్ళకు సరిపడా సొమ్ము అక్కడ ఉంది. అక్టోబరు మధ్యలో అప్పటి హోంల్యాండ్ సెక్యూరిటీ మంత్రి క్రిస్టీ నోమ్, తమ శాఖలో 70 వేల మందికి పైగా లా ఎన్‌ఫోర్స్‌మెంట్ సిబ్బందికి 22వ తేదీ కల్లా జీతాలు వేస్తామన్నారు. సీబీపీ ఆఫీసర్లు, బోర్డర్ పెట్రోల్, ఐస్ (వలస చట్టాలు అమలు చేసే సంస్థ) వాళ్ళు, సీక్రెట్ సర్వీస్, ఫెడరల్ ఎయిర్ మార్షల్స్ (విమానంలో వెళ్తూ కాపలా కాసే ఆఫీసర్లు) ఆ లిస్టులో ఉన్నారు. స్క్రీనింగ్ ఆఫీసర్లు లేరు.

ఎయిర్ మార్షల్స్ అన్న మాట మరోసారి చూడండి. వాళ్ళు మీ బావగారి టీఎస్ఏ వాళ్ళే! అంటే ఒకే సంస్థలో విమానం ఎక్కే ఆయనకు జీతం పడింది, ఆయన ఎక్కే విమానానికి ప్రయాణికుల బ్యాగులు తనిఖీ చేసే ఆయనకు పడలేదు. మీ అత్తగారికి ఈ ఒక్క ముక్క చెప్పండి, చాలు. "డ్యూటీ సరిగ్గా చేయట్లేదా" అన్న అనుమానం దీంతోనే పోతుంది.

నా మాట కూడా చెప్తాను. జీతం పడిన 70 వేల మంది విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు, పని చేసినవాడికి కూలి ఇవ్వాల్సిందే. కానీ ఎవరి పద్దు ముందే నిండి ఉందో వాళ్ళకే ఇచ్చి మిగతావాళ్ళను తర్వాత చూద్దాంలే అనడం సరైన పద్ధతి కాదు. జీతం ఆగినవాళ్ళందరి బాధా ఒకటిగా ఉన్నప్పుడు షట్‌డౌన్ ఆపమన్న ఒత్తిడి గట్టిగా ఉంటుంది. సగం మందికి డబ్బు పడ్డాక మిగతా సగం గోడు ఎవరికీ వినపడదు. మీ ఇంట్లో జరిగింది ఆ పెద్ద కథకు చిన్న ముక్క. ఇంకో విడ్డూరం చూడండి. విమానం టికెట్టు కొన్న ప్రతివాళ్ళ దగ్గరా ఒక వైపు ప్రయాణానికి 5 డాలర్ల 60 సెంట్లు సెక్యూరిటీ ఫీజు వసూలు చేస్తారు. షట్‌డౌన్‌లోనూ ఆ వసూలు ఆగలేదు. ఆ ఫీజు టీఎస్ఏ కోసమని పెట్టిందే, అయినా కాంగ్రెస్ అనుమతి లేనిదే అది స్క్రీనర్ల జీతానికి రాదు. అందులో కొంత భాగం 2013లో చేసిన ఒప్పందం ప్రకారం లోటు తగ్గించడానికని ఖజానాకే పోతోంది. ఇక ఈ బిల్లు పాస్ చేయని కాంగ్రెస్ సభ్యుల జీతాలా, అవి నెలనెలా పడుతూనే ఉన్నాయి.

ఈ పద్దుల తేడా మన వాళ్ళకు ఇంకో రకంగానూ తగిలింది. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఫైళ్ళు చూసే యూఎస్‌సీఐఎస్ దరఖాస్తు ఫీజులతో నడుస్తుంది కాబట్టి అది ఆగలేదు. హెచ్1బీకి ముందు కావాల్సిన ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్) ఆమోదం మాత్రం లేబర్ డిపార్ట్‌మెంటు ఇవ్వాలి, వాళ్ళకు ఏటా వచ్చే బడ్జెట్టే దిక్కు. అందుకే అక్టోబరు దాదాపు మొత్తం ఆ పని నిలిచిపోయి, ఉద్యోగం మారదామనుకున్న మన పిల్లలు ఇరుక్కున్నారు.

సూపర్ చెక్ విషయంలో మీ తోటికోడలి మనసులో ఒక అపోహ ఉండి ఉంటుందని నా అనుమానం. పేరు వింటే బోనస్ ఇచ్చినట్టు అనిపిస్తుంది. అది బోనస్ కాదు. మొదటి చెక్కులో కోసిన నాలుగు రోజులు (అక్టోబరు 1 నుంచి 4 దాకా), ఓవర్‌టైమ్, ఆ తర్వాతి రెండు వారాల జీతం కలిపి ఒకేసారి వేశారు. చేసిన పనికి రావాల్సిందే వచ్చింది, పైసా ఎక్కువ రాలేదు. ఈ మాట మీ వారి నోటితో మీ బావగారికి చెప్పించండి. మీరు అక్కతో చెబితే సమర్థించుకుంటున్నట్టు వినిపిస్తుంది.

ఇక జీతం వస్తుందా అన్న ప్రశ్న. వస్తుంది. ఊరడింపుగా చెప్పే మాట కాదిది. 2019 జనవరి 16న చేసిన చట్టం ప్రకారం, షట్‌డౌన్ ముగిశాక మామూలు జీతం తేదీ కోసం చూడకుండా, వీలైనంత త్వరగా బకాయి మొత్తం ఇవ్వాలి. అక్టోబరు మొదట్లో వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసు నుంచి ఒక డ్రాఫ్ట్ మెమో బయటికొచ్చి, బకాయిలు రావేమో అని పెద్ద టెన్షన్ పెట్టింది. మీ వాళ్ళూ అది చదివే భయపడి ఉంటారు. కానీ ఆ మెమో ఇంటి దగ్గర కూర్చోబెట్టిన ఉద్యోగుల గురించి. మీ బావగారు డ్యూటీ చేస్తున్నారు. పని చేసిన గంటల జీతం ప్రభుత్వం బాకీ పడ్డట్టే, ఆ విషయంలో ఎవరికీ తగాదా లేదు. 2019లో జనవరి 25న షట్‌డౌన్ ముగిస్తే చాలామందికి వారం పది రోజుల్లో పడిపోయాయి.

రానిది మాత్రం ఒకటుంది. ఆలస్యానికి వడ్డీ గానీ పరిహారం గానీ ఆశించకండి. 2018-19 షట్‌డౌన్‌లో జీతం ఆలస్యమైందని ఉద్యోగులు కోర్టుకెళ్ళారు. 2022లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, మంజూరు లేనందువల్ల జరిగిన ఆలస్యం కార్మిక చట్టాన్ని ఉల్లంఘించినట్టు కాదని తేల్చేసింది. క్రెడిట్ కార్డు మీద ఈ నెల పడే వడ్డీ మీ బావగారి నెత్తినే ఉంటుంది. మీరు సాయం చేయాల్సింది సరిగ్గా ఇక్కడే.

మీరు అసలు అడిగిన ప్రశ్నకు వద్దాం.

డబ్బు ఇవ్వండి. ఆయన అడిగేదాకా ఆగకండి. పెద్దవాడు తమ్ముడి ముందు నోరు తెరిచి అడగడం మన ఇళ్ళల్లో ఎంత కష్టమో మీకు తెలుసు. అయితే మీ వారికి తట్టే మొదటి మాట, "అన్నయ్యా, నా ఫీజు కట్టావుగా, ఇప్పుడు తీరుస్తున్నా" అన్నది. ఆ మాట మాత్రం అననివ్వకండి. మీకది కృతజ్ఞతలా ఉంటుంది, ఆయనకు పాత లెక్క చెల్లగొట్టినట్టు ఉంటుంది. తమ్ముణ్ణి చదివించిన అన్న ఏనాడూ దాన్ని అప్పుగా రాసుకోలేదు. ఇవాళ ఆయన ఇబ్బందిలో ఉండగా చూసి మీరు దాన్ని అప్పుగా మార్చి తీర్చేస్తే, ఆయనకు మిగిలిన ఒక్క పెద్దరికమూ పోతుంది.

"నీ జీతం బాకీ ఉంది, అది చట్టం ప్రకారం వస్తుంది. వచ్చేదాకా ఇది వాడుకో, పడ్డాక నాకిచ్చెయ్" అనమనండి. ఇందులో దానం లేదు, జాలి లేదు. తనకు రావాల్సిన డబ్బే, తమ్ముడి చేతి మీదుగా కాస్త ముందు వస్తోంది. అభిమానం ఉన్న మనిషి ఇలాంటిది తీసుకోగలడు. తిరిగి ఇస్తానంటే, "అబ్బే వద్దులే అన్నయ్యా" అని మీ వారు మొహమాటపడకూడదు. ఇచ్చినప్పుడు తీసుకోవాలి. వద్దంటే ఆ క్షణాన అది దానమైపోతుంది.

ఎలా ఇవ్వాలన్నది కూడా చెప్తాను. వాళ్ళింటికి మీరిద్దరూ వెళ్ళి, పిల్లల ముందు, సోఫాలో కూర్చుని ఇచ్చే తంతు వద్దు. అన్నదమ్ములిద్దరూ షిఫ్టు అయ్యాక పార్కింగ్‌లో కారు దగ్గర మాట్లాడుకుని, అక్కడే ఫోన్‌లో పంపేస్తే సరిపోతుంది. ఎంత అన్నది ఆయన్ని అడగొద్దు. అడిగితే "ఏమీ వద్దు" అంటారు. ఇంటి వాయిదా, కారు వాయిదా, గ్రాసరీ సుమారు ఎంతవుతుందో మీకు తెలిసే ఉంటుంది, అంత పంపండి. అక్కతో మీరు ఈ డబ్బు ఊసే ఎత్తొద్దు. ఆమె తనంతట తాను చెబితే, "మాకు మాత్రం 2019 లాగా అయ్యుంటే మీ ఇంటికేగా వచ్చేవాళ్ళం అక్కా" అనండి. ఆ మాట అబద్ధమూ కాదు.

కాగితాల సంగతి పెద్దగా లేదు. మనుషుల మధ్య వడ్డీ లేని అప్పు 10 వేల డాలర్ల లోపైతే పన్నుల శాఖ ఐఆర్ఎస్ లేని వడ్డీని ఉన్నట్టు లెక్కగట్టదు. ఒకవేళ అది బహుమతిగానే మిగిలిపోయినా, 2025లో ఒక మనిషి ఒక మనిషికి 19 వేల డాలర్ల దాకా ఇస్తే గిఫ్ట్ ట్యాక్స్ ఫారం కూడా నింపక్కర్లేదు. ఫెడరల్ ఉద్యోగుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలకు నిబంధనలు ఉన్నమాట నిజమే, కానీ ఒకరి కింద ఒకరు పనిచేయని అన్నదమ్ములకు అవి అడ్డు రావు. డబ్బు పంపేటప్పుడు నోట్‌లో "అడ్వాన్సు" అని ఒక్క మాట రాస్తే చాలు. బాండు పేపరు గట్రా వద్దు తల్లీ.

బావగారు తన వైపు నుంచి చేయగలిగినవీ ఉన్నాయి. ఫెడరల్ ఉద్యోగుల శాఖ ఓపీఎం వెబ్‌సైట్‌లో బ్యాంకులకు, ఇంటి ఓనర్లకు రాయాల్సిన ఉత్తరాల నమూనాలు పెట్టారు. వాయిదా తప్పాక ఫోన్ చేస్తే పెనాల్టీ మాఫీ కోసం బతిమాలాలి, తప్పక ముందే ఉత్తరం పెడితే చాలాచోట్ల వాళ్ళే తేదీ జరుపుతారు. ఫెడరల్ ఉద్యోగులు ఎక్కువగా ఉన్న క్రెడిట్ యూనియన్లు (సహకార బ్యాంకుల లాంటివి) షట్‌డౌన్‌లో వడ్డీ లేని చిన్న అప్పులు ఇస్తుంటాయి. ఆయనది అలాంటి యూనియన్ అయితే ఇవాళే అడగాలి. రిటైర్‌మెంట్ ఖాతా టీఎస్‌పీలో హార్డ్‌షిప్ విత్‌డ్రాయల్ అనేది కనిపిస్తుంది. దాని జోలికి మాత్రం పోవద్దని గట్టిగా చెప్పండి. పన్ను పడుతుంది, 59½ ఏళ్ళ లోపైతే మామూలుగా పైన 10 శాతం పెనాల్టీ, తీసిన సొమ్ము మళ్ళీ అందులో పెట్టనివ్వరు. నిరుద్యోగ భృతి ఇంటి దగ్గర కూర్చోబెట్టిన వాళ్ళకు వస్తుంది గానీ, పూర్తి డ్యూటీ చేస్తున్న ఆయనకు సాధారణంగా రాదు. దరఖాస్తు పెట్టి టైమ్ పోగొట్టుకోవద్దు. సాయంత్రాలు ఊబర్ నడుపుతానంటే నడపొచ్చు, కానీ హోంల్యాండ్ సెక్యూరిటీ ఉద్యోగి బయటి పని చేయాలంటే ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. అది లేకుండా మొదలుపెడితే జీతం వచ్చే రోజుకి క్రమశిక్షణ నోటీసు కూడా వస్తుంది.

ఉద్యోగం మానేస్తానన్న మాట కోపంలో వచ్చింది. అలాగే వదిలేయండి, వాదించకండి. కానీ సిక్ లీవు పెట్టి ఇంట్లో కూర్చుంటానంటే మాత్రం మీ వారు వారించాలి. 2019 జనవరిలో స్క్రీనర్ల గైర్హాజరు ఒక రోజు 10 శాతానికి చేరింది, మయామీ ఎయిర్‌పోర్టులో ఒక కాన్‌కోర్స్‌ను (గేట్లుండే విభాగాన్ని) కొన్నాళ్ళు పెందరాళే మూసేశారు. నిజంగా పెట్రోలుకు డబ్బుల్లేక రానివాళ్ళే అందులో ఎక్కువమంది ఉండి ఉంటారు. కానీ అందరూ కలిసి మాట్లాడుకుని రాకపోతే అది సమ్మె కిందకు వస్తుంది, ఫెడరల్ ఉద్యోగులకు సమ్మె హక్కు లేదు. 1981లో సమ్మె చేసిన 11 వేల మందికి పైగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను అప్పటి అధ్యక్షుడు రీగన్ ఇంటికి పంపేశాడు. బకాయి ఎలాగూ వస్తుందని తెలిసినప్పుడు, దాని కోసం ఉద్యోగాన్ని పణంగా పెట్టడం దండగ.

మీ వారి గురించి రెండు మాటలు. ఎయిర్‌పోర్టు బ్రేక్ రూమ్‌లో "మీకేంటి బాసూ" అనేవాళ్ళు ఉంటారు. నవ్వి ఊరుకోమనండి. జీతం తీసుకున్నందుకు తప్పు చేసినట్టు తల దించుకోనక్కర్లేదు. కానీ ఆ డబ్బు మీద మరీ ధీమా కూడా వద్దు. ఈసారి జూలై చట్టం పద్దులోంచి జీతాలు ఇవ్వాలన్నది ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం, రేపు ఇంకోలా అనుకుంటే ఆపేయొచ్చు. అన్నకు పంపాక మీకు కనీసం ఒక నెల ఖర్చు చేతిలో మిగలాలి. అంత లేకపోతే పంపేది తగ్గించండి.

వాట్సాప్ గ్రూపులో మాత్రం మీ వారు ఒక మెసేజ్ పెట్టాలి. పొడుగ్గా వద్దు. "అమ్మా, అన్నయ్యా నేనూ ఇద్దరం రోజూ డ్యూటీ చేస్తున్నాం. అన్నయ్య జీతం గవర్నమెంటు దగ్గర ఉంది, షట్‌డౌన్ అయిపోగానే వస్తుంది. నాది వేరే ఫండ్ లోంచి ముందు వచ్చింది" అని రాసి, అన్నను మళ్ళీ గ్రూపులో చేర్చాలి. మీరు పెట్టొద్దు, కోడలు పెడితే దానికి ఇంకో అర్థం వెతుకుతారు. అత్తగారు ఈ చలికాలంలో వద్దామనుకుంటే వీసా, ఇమ్మిగ్రేషన్ కౌంటర్లు నడుస్తూనే ఉన్నాయి, రానివ్వండి. కాకపోతే కనెక్టింగ్ ఫ్లైటుకి మధ్యలో కాస్త ఎక్కువ టైమ్ ఉండేలా టికెట్ కొనండి.

చివరగా, షట్‌డౌన్ ముగిసిన రోజు బావగారికి పడే మొత్తం చూసి అక్క మళ్ళీ కంగారు పడొచ్చు, ముందే చెప్పి ఉంచండి. హెల్త్ ఇన్సూరెన్సు ఆగకుండా నడుస్తోంది కాబట్టి, ఇన్నాళ్ళ ప్రీమియం వాటాలు, పన్ను, టీఎస్‌పీ కలిపి ఆ చెక్కులోంచే పట్టుకుంటారు. వీళ్ళు వేసుకున్న లెక్క కంటే చేతికి తక్కువే వస్తుంది, ఓవర్‌టైమ్ సర్దుబాట్లు తర్వాతి చెక్కుదాకా సాగినా సాగుతాయి. అందుకని మీ అడ్వాన్సు ఆ మొదటి చెక్కులోనే ఇచ్చేయాలని ఆయన పట్టుబడితే, రెండోది వచ్చాక ఇమ్మని మీ వారిని చెప్పమనండి.